దేవుళ్ళ పేరున రసీదులు

కొత్త క్యాంపు, మల్లట్ దగ్గర
ఏప్రిల్ 12

సాహితమ్మా,

ఫోన్లో చెప్పమంటావు. నేను మొదలుపెట్టగానే "అత్తా, ఒక్క నిమిషం" అంటావు. నీ నిమిషం పొద్దుగూకితే గానీ తీరదు. బెంగళూరులో ఆడిటర్ దగ్గర కొలువు చేసే మేనకోడలితో ఇక ఉత్తరాలే నయం. ఉత్తరానికి ఎదురు చెప్పలేవు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి. దీంతోపాటు మన పిల్లల చావడి రసీదు పుస్తకాలు మూడు బస్సులో వేయిస్తున్నాను, తీసుకో.

నువ్వు పంపిన గ్రాంటు కాగితాన్ని సుమంగళ చదివి చెప్పింది. చావడిలో పిల్లల్ని చూసుకునే మల్లట్ అమ్మాయి. ఇంగ్లీషులో చదివి, కన్నడంలో ఆలోచించుకుని, తెలుగులో చెబుతుంది పాపం. విత్తనాల కంపెనీ వాళ్ళు ఏడాదికి తొమ్మిది లక్షలు ఇస్తారట. మనం ఊళ్ళో మూడు లక్షలు పోగుచేసినట్టు లెక్క చూపించాలట. ఓస్, ఇంతేనా! పోయిన ఏడు మనకు వచ్చిందే మూడు లక్షల పదివేలు. గ్రాంటు గుమ్మంలోకి వచ్చేసినట్టే అనుకో.

రావాలి కూడా. జూలైలో కాలవకి నీళ్ళు వదిలితే నాట్లు మొదలు. పోయిన ఏడు చావడికొచ్చిన కూలీల పిల్లలు పందొమ్మిది మంది. ఈ ఏడు మేస్త్రి యంకమ్మ రెండు గుంపుల్ని తెస్తానంటోంది, నలభై మందికి తగ్గరు. సుమంగళ ఒక్కతే చాలదు, ఇంకో ఇద్దరు కావాలి. మరుగుదొడ్డి కావాలి, చావడి నడిపే గోడౌను చుట్టూ కంచె కావాలి. పంచాయతీ వాళ్ళ కూసినమనె, అదే పసిపిల్లల కేంద్రం, ఉంది గానీ అది ఊళ్ళో, మన పొలాలకి నాలుగు కిలోమీటర్లు. పాలిచ్చే తల్లులు మధ్యాహ్నం అంతదూరం పోయి రాలేరు. డబ్బు అందకపోతే సరిగ్గా నాట్లప్పుడే మన తలుపు మూయాలి. అప్పుడేమవుతుందో నీకు తెలుసు. పిల్లల కాలికి తాడు కట్టి గట్టుమీద గూటానికి కట్టేస్తారు, దూడల్ని కట్టినట్టు. తాడు వదులైందంటే పక్కనే కాలవ.

మీ మామయ్య "ఈ వయసులో నీకీ తిప్పలేంటే" అంటూనే గోడౌను రేకులు తనే దగ్గరుండి బిగించారు. మీ నాన్న సంగతి నువ్వు అడగవు, నేను చెప్పను. రెండేళ్ళయింది మీ ఇద్దరూ మాట్లాడుకుని. తన బియ్యం మిల్లు అరుగుమీద కూర్చుని "మా అక్కకి అరవయ్యో ఏట బడిపిచ్చి పట్టింది" అని వచ్చేపోయేవాళ్ళకి చెబుతున్నాడని మాత్రం విన్నాను. నా తమ్ముడు కాబట్టి సరిపోయింది.

కాగితాలు పూర్తిచేసి పంపు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాను.

మీ అత్త,
లక్ష్మీతిరుపతమ్మ


బెంగళూరు
ఏప్రిల్ 19

అత్తా,

రసీదు పుస్తకాలు ఆఫీసులో విప్పాను. అదే నేను చేసిన తప్పు.

మొదటి రసీదు, ద్వారకాతిరుమల చిన్నవెంకన్న, ఐదువేలు. రెండోది, అన్నవరం సత్యదేవుడు, మూడువేలు. తరవాత పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి, మంత్రాలయం రాఘవేంద్రస్వామి, మళ్ళీ చిన్నవెంకన్న. మా సార్ వెంకోబరావుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏనమ్మా, మీ అత్తగారు ట్రస్టు నడుపుతున్నారా, స్వర్గం నడుపుతున్నారా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత కూడి చూసుకుంటే ఏడుపొచ్చింది.

ఎందుకిలా రాశావో నాకు తెలుసు. కళ్ళంలో మొదటి బస్తా దేవుడి పేరున పక్కకి తీస్తారు, తీసినవాడు తన పేరు చెప్పుకోడు, చెప్పుకుంటే పుణ్యం పోతుంది. "నా పేరెందుకక్కా, స్వామి పేరు రాయి" అని ఉంటారు, నువ్వు రాసి ఉంటావు. మన క్యాంపులో అది మర్యాద. ఆదాయపన్ను చట్టంలో దాన్ని అనామక విరాళం అంటారు. లక్ష దాటిన అనామక విరాళం మీద ముప్పై శాతం పన్ను మనమే కట్టాలి. ఇలాగే వదిలేస్తే దగ్గర దగ్గర అరవై మూడు వేలు. సుమంగళకి తొమ్మిది నెలల జీతం, అత్తా!

అంతకన్నా పెద్ద సంగతి గ్రాంటు. ఊరివాళ్ళు తమవంతు ఇచ్చారా లేదా అన్నదే వాళ్ళు చూసేది. దేవుళ్ళకి ఆధార్ కార్డు లేదు. పేరు లేని రూపాయి వాళ్ళ లెక్కలోకి రాదు.

కాబట్టి ఇలా చెయ్యి. పాత రసీదులు దిద్దకు, కొత్తవి పుట్టించకు. ఒక పుస్తకం పెట్టి, ఏ రసీదు ఎవరిదో వాళ్ళ చేతే పేరు, చిరునామా, ఆధార్ నంబరో పాన్ నంబరో రాయించి సంతకం తీసుకో. దాతల జాబితా దాఖలు చేయడానికి మే 31 ఆఖరు. ఇంకోమాట కూడా చెప్పు. మన ట్రస్టుకి పన్ను మినహాయింపు గుర్తింపు ఉంది. ఇకమీదట బ్యాంకు ద్వారా ఇచ్చేవాళ్ళకి వాళ్ళు కట్టే పన్నులో కొంత తగ్గుతుంది. ఆశ పుట్టాలి కదా.

అన్నట్టు, మూడు పుస్తకాల్లోనూ మనుషుల పేర్లతో ఉన్నవి కూలీల రసీదులు మాత్రమే. బసవ్వ, పది రూపాయలు. యంకమ్మ, పది రూపాయలు. వాళ్ళ గుంపులో ఒక్క దేవుడూ లేడు.

దేవసూగూరు సూగూరేశ్వరుడి పేరున నలభై వేల రసీదులు మూడున్నాయి. లక్షా ఇరవై వేలు. ఈ స్వామి ఎవరు?

సాహితి


కొత్త క్యాంపు
ఏప్రిల్ 30

సాహితమ్మా,

నీ సార్‌కి చెప్పు, నడిపేది స్వర్గమే అని. వచ్చి పందొమ్మిది మంది పసివాళ్ళకి ముక్కులు తుడిస్తే ఆయనకే తెలుస్తుంది.

పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆశ పుట్టించమన్నావు కదా, పుట్టించబోయాను. కోటి ఏమన్నాడో తెలుసా? "వ్యవసాయం మీద మాకు పన్నే లేదు గదక్కా, మరి తగ్గించేదేంటి? బోడిగుండుకి దువ్వెన ఇస్తానంటావేంటి?" అన్నాడు. నిజమే మరి, ఈ క్యాంపులో ముప్పాతిక మంది వరి రైతులు, ఒక్కడూ ఆదాయపన్ను కట్టడు. నీ చదువంతా ఏమైపోయిందే?

పన్ను కట్టేవాడని ఎరువుల కొట్టు వాసు దగ్గరికి వెళ్ళాను. వాడు పాన్ నంబరు అనేసరికి లేచి నిలబడ్డాడు. "పిన్నీ, ఇంకో ఐదువేలు కావాలంటే పట్టుకుపో. ఆ నంబరు మాత్రం అడక్కు. ఆ టాక్సోళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికి వస్తారో తెలీదు" అన్నాడు. మిగతావాళ్ళందరిదీ ఒకటే పాట, "దేవుడికిచ్చింది చెప్పుకుంటామా, తప్పు!" వారం రోజులు తిరిగితే పడిన సంతకాలు నాలుగు. అందులో ఒకటి మీ మామయ్యది.

నాకొక ఆలోచన వచ్చింది. అన్ని రసీదులకీ మీ మామయ్య పేరే రాసేస్తే ఏం? ఆయన కాదనరు. నలభై ఏళ్ళలో నేను చెప్పిన దేనికీ కాదనలేదు.

ఆ సూగూరేశ్వరుడి సంగతి మాత్రం నన్నడక్కు. మాటిచ్చాను.

అత్త


బెంగళూరు
మే 5

అత్తా,

వద్దు. మామయ్య పేరు రాయొద్దు. మూడు లక్షలు ఆయన ఒక్కడే ఇచ్చినట్టు రాస్తే ఎక్కణ్ణించి తెచ్చారని రేపు మామయ్యనే అడుగుతారు. పైగా అది అబద్ధం. అబద్ధంతో వచ్చే గ్రాంటు కోసం నేను కాగితాలు రాయను. కోపం వస్తే రానీ.

కోటి బాబాయ్ అన్నది నిజమే, ఆ మాట నేనే ముందు ఆలోచించాల్సింది. మా సార్‌కి చదివి వినిపిస్తే పకపకా నవ్వి, "ఈ ఆఫీసులో పదేళ్ళుగా ఇంత చక్కగా ఎవరూ వాదించలేదు" అన్నారు. సరే, రైతులకి మినహాయింపు ఊసెత్తకు. పేరు ఒక్కటే అడుగు. వాసు అన్నయ్యకి చెప్పు, పాన్ ఇవ్వకపోతే ఆధార్ నంబరైనా సరిపోతుందని.

కానీ అత్తా, సూగూరేశ్వరుడు పేరు చెప్పకపోతే మిగతా అందరూ చెప్పినా మనకి తేలేది లక్షా తొంభై వేలే. గ్రాంటు రాదు. ఆ ఒక్క మనిషి దగ్గర ఆగిపోయి ఉంది మొత్తం.

నేనూ ఆలోచించాను. మన క్యాంపువాళ్ళందరూ ఆంధ్రా దేవుళ్ళ పేర్లే చెప్పారు. తాతల నాడు ఏ జిల్లానుంచి వచ్చారో ఆ జిల్లా దేవుడు. సూగూరేశ్వరుడు కృష్ణ ఒడ్డున ఉండే దేవుడు, ఇక్కడివాళ్ళ దేవుడు. యంకమ్మవాళ్ళ ఊరి దేవుడు. యంకమ్మ లక్షా ఇరవై వేలు ఇవ్వలేదు. మరి మనలో ఆ స్వామికి అంత మొక్కు ఉన్నవాళ్ళు ఎవరు?

నీ మాట నీకు పెద్దది. నలభై మంది పిల్లలు దానికన్నా చిన్నవాళ్ళా?

సాహితి


కొత్త క్యాంపు
మే 14

సాహితమ్మా,

ముందు మంచి కబురు. దేవుళ్ళ చాటున దాక్కున్న దాతలు యాభై ఒక్కరు, సంతకాలు యాభై! నీ చట్టం వల్ల కాదు, నా నోటి వల్ల.

మొన్న శనివారం క్యాంపు గుళ్ళో కోటి అర్చన చేయిస్తున్నాడు. పూజారి గోత్రం అడిగాడు, చెప్పాడు. పేరు అడిగాడు, చెప్పాడు. పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బామ్మర్ది పేరు కూడా చెప్పాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను. "ఏరా కోటీ, పది రూపాయల కొబ్బరికాయకి వంశమంతా చదివించావే, ఐదువేల విరాళానికి పేరు చెబితే పుణ్యం పోద్దా? పేరు చెప్పకపోతే ఎవడిచ్చాడో ఆ వెంకన్నకి మాత్రం ఎట్టా తెలుస్తుందిరా?" అన్నాను. గుళ్ళో అందరూ నవ్వేశారు. పూజారి ఆంజనేయశాస్త్రి కూడా "సంకల్పం లేని దానం చేరాల్సిన చోటికి చేరదమ్మా" అన్నాడు. ఇంకేముంది! గుడి మెట్లమీదే పుస్తకం తెరిచాను. సాయంత్రానికి వరసకట్టారు. ఒకడైతే సంతకం పెడుతూ గోత్రం కూడా రాశాడు.

ఇక ఆ యాభై ఒకటో దాత.

మాట తప్పుతున్నాను, ఆ పాపం నా మీదే ఉండనీ. ఆ సూగూరేశ్వరుడు మీ నాన్నే. నాగేంద్రబాబే. బయట నన్ను వెక్కిరించేవాడే, చీకటి పడ్డాక మిల్లు నుంచి ఇంటికి పోతూ పోతూ నా వంటింటి గట్టుమీద డబ్బు పెట్టి పోయాడు, మూడుసార్లు.

ఎందుకో కూడా చెబుతాను. నీకు ఏడాదిన్నర. అప్పుడు మనకి మిల్లూ లేదు, ఏమీ లేదు. మీ అమ్మ కూలీలతో కలిసి నాట్లేసేది. నిన్నూ గట్టుమీద కట్టేసేవాళ్ళం. ఒకరోజు ముడి ఊడింది. నువ్వు పిల్లకాలవలో పడ్డావు. యంకమ్మ అప్పుడు పదిహేడేళ్ళ పిల్ల, నాట్లకి కొత్తగా వచ్చింది. నారుకట్ట పారేసి దూకి, జుట్టు పట్టుకుని గుంజింది. తలకిందులు చేసి వీపుమీద కొడితే నీళ్ళు కక్కావు. "సూగూరేశ్వరా" అని అరుస్తూనే ఉందట అంతసేపూ. మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ మాట ఎత్తనివ్వలేదు. నీకు నీళ్ళంటే భయం పట్టుకుంటుందని మీ నాన్న మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు.

పేరు రాయమని నిన్న మిల్లుకి వెళ్ళి అడిగాను. రెండు మాటలన్నాడు. "పేరు రాస్తే పన్ను తగ్గుద్దంట. ఇచ్చిందాంట్లో కొంత వెనక్కి తీసుకుంటే అది దానం ఎట్టా అవుద్దక్కా? దేవుడితో బేరమా?" అన్నాడు. తరవాత, "నా పేరు చూస్తే దానికి నామీద జాలి పుడుద్ది. నాకు జాలి అక్కర్లేదు" అన్నాడు. దానికి అంటే నీకు.

ఇంతకుమించి నావల్ల కాదు. పదిహేడు రోజులుంది.

అత్త


బెంగళూరు
మే 18

నాన్నా,

ఈ ఉత్తరం చించేయకుండా చదువుతావని నమ్మకం. చించితే అత్త చేత ఇంకోటి పంపిస్తాను.

సూగూరేశ్వరుడు ఎవరో నాకు తెలిసింది. అత్తని తిట్టకు, నేనే పీక్కుతిన్నాను. కాలవ సంగతి కూడా తెలిసింది. రాత్రి చాలాసేపు ఏడ్చాను. భయం వేసి కాదు. నీలో ఇంత ఉందని తెలియకుండా "ఈ తవుడు దుమ్ములో నేనుండను" అని నలుగురి ముందూ అన్నాను కదా, అందుకు. ఆ మాట తప్పు నాన్నా. మిల్లుకి రాననడం తప్పు కాదు, అది ఇప్పుడూ అంటాను. అన్న తీరు తప్పు.

జాలి పడడం లేదు. ఇప్పుడు నీ మాటకి జవాబు చెబుతాను. జవాబు నచ్చకపోతే పేరు రాయకు.

పోయిన ఏడు నువ్విచ్చింది నగదు. దానిమీద నీకు ఒక్క రూపాయి పన్ను తగ్గదు. అక్కడ నీ పేరు రాస్తే నీకు లాభమేమీ లేదు, పిల్లలకి గ్రాంటు వస్తుంది. అంతే. కాబట్టి ఆ లక్షా ఇరవై వేల దగ్గర దేవుడితో బేరం అన్న మాటే లేదు.

ఇక ఈ ఏడాది. మిల్లు పేరున చెక్కు రాసి లక్షన్నర ఇచ్చావనుకో, మిల్లు కట్టే పన్నులో ఇరవై మూడు వేల పైచిలుకు తగ్గుతుంది. నువ్వు దాన్ని వెనక్కి తీసుకున్న దానం అంటున్నావు. నేనలా అనుకోను. అది సర్కారు వేసిన వంతు. కూలీల పిల్లల్ని చూసుకోవడం సర్కారు పని కూడా కదా. నువ్వు ముందు వేస్తే వెనక తనూ వేస్తానంటోంది, కాకపోతే తన వంతు నీ చేతికిస్తోంది. రైతు వడ్లు మర పట్టిస్తే బియ్యం రైతువి, తవుడు మిల్లువి. ఈ ఇరవై మూడు వేలు ఆ తవుడు లాంటిది. ఉంచుకునే హక్కు నీకుంది. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే అదీ పిల్లలకే పంపించు. ఎవరొద్దన్నారు?

పేరు దాచుకుంటే నువ్వొక్కడివే ఇచ్చినట్టు. పేరు చెబితే నీ వెనక ఇంకో నలుగురు మిల్లువాళ్ళు ఇస్తారు. వాళ్ళందరూ పన్ను కట్టేవాళ్ళే. రైతులకి పనికిరాని మినహాయింపు మీకు పనికొస్తుంది.

నువ్వు తిన్నావా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని రాయాలని ఉంది. అడిగితే కసురుతావు. అయినా అడుగుతున్నాను.

సాహితి


కొత్త క్యాంపు
జూన్ 11

సాహితమ్మా,

జాబితా మే ఇరవై తొమ్మిదినే వెళ్ళిందని నీకు తెలుసు. ఆ రోజేం జరిగిందో మీ సార్ చెప్పలేడు, నేను చెబుతాను.

పొద్దున తొమ్మిదింటికి మీ నాన్న చావడికి వచ్చాడు. ఇన్నాళ్ళూ చీకటిపడ్డాక వచ్చినవాడు పట్టపగలు వచ్చాడు. అప్పుడే కోటి, వాసు కంచె కొలతలు తీస్తున్నారు. అందరి ముందూ "అక్కా, పుస్తకం ఇటివ్వు" అన్నాడు. మూడు రసీదులకీ పేరు రాసి, సంతకం పెట్టి, పాన్ నంబరు వేశాడు. సంచిలోంచి మిల్లు చెక్కు తీశాడు. లక్షన్నర. వాసు అది చూశాడు, మీ నాన్న మొహం చూశాడు, ఏమనుకున్నాడో ఏమో, "పిన్నీ, నా పాన్ నంబరు కూడా రాసుకో" అన్నాడు. నేనైతే ఏడ్చాను. దాచుకోవడం దేనికి? మీ నాన్న "పొయ్యిలో పొగ ఎక్కువైంది" అని బయటికి పోయాడు. చావడిలో ఉన్నది గ్యాస్ స్టవ్వు!

నిన్న కంపెనీవాళ్ళు ఇద్దరు వచ్చారు చూడ్డానికి. ఒకావిడ, ఒకాయన. ఆవిడకి తెలుగు వచ్చు. సంతకాల పుస్తకం, రసీదు పుస్తకాలు తిప్పి, రైతుల పేర్లు, మిల్లు పేరు చూసి తలూపింది. తరవాత యంకమ్మని పిలిచి, "మీ పిల్లల కోసం వీళ్ళు ఇస్తున్నారు, మంచిదే. మీరేమిస్తారు?" అంది. యంకమ్మ నోరు నీకు తెలియనిది కాదు.

"ఏంది మేడం, గిట్ల అడుగుతరు?" అంది యంకమ్మ. "నాట్లున్నన్ని దినాలు మనిషికి పది రూపాయలు ఇస్తనే ఉన్నం. పుస్తకంల చూడుండ్రి. మా పేర్లు దాసిపెట్టుకునేంత పెద్దోళ్ళం కాదు మేము. పైసలిచ్చినం గనుక, అన్నంల రాయొస్తే అడుగుతం, పోరి ఏడిస్తే అడుగుతం. ఊకె పెడితే ఎట్ల అడగాలె?"

ఆవిడ పుస్తకంలో ఆ పేజీ వెతుక్కుని చాలాసేపు చూసింది. ఫొటో తీసుకుంది. జూలై మొదటివారంలో తెలుస్తుందన్నారు. ఇస్తారు. ఇవ్వకపోతే ఇంకొకళ్ళని అడుగుదాం. కానీ ఇస్తారు.

అత్త


బెంగళూరు
జూలై 4

అత్తా,

ఇచ్చారు!

తొమ్మిది లక్షలు, మూడేళ్ళపాటు, ఏడాదికోసారి. మొదటి వాయిదా ఈ నెల పదిహేనుకి ట్రస్టు ఖాతాలో పడుతుంది. ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, తెలుగులో రాస్తున్నాను: "సేవ పొందే తల్లులే పేరుతో దాతలుగా ఉన్న కేంద్రాన్ని మేము ఇంతవరకు చూడలేదు." ఇది యంకమ్మకి చదివి వినిపించు. నెత్తికెక్కితే ఎక్కనీ.

కంచె, మరుగుదొడ్డి ముందు. ఇద్దరు ఆయాల్ని యంకమ్మ గుంపులో నాట్లు మానేసిన పెద్దవాళ్ళలోంచే తీసుకో. జీతం బ్యాంకులోనే వెయ్యి. ప్రతి ఖర్చుకీ చీటీ ఉంచు. దేవుళ్ళెవరైనా విరాళమిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

నాన్న దగ్గర్నించి జవాబు రాలేదు. చెక్కు రాశాడు, పేరు రాశాడు, నాకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను ఎదురుచూడటం లేదు అని రాద్దామనుకున్నాను. ఎదురుచూస్తున్నాను.

సాహితి


కొత్త క్యాంపు
ఆగస్టు 10

సాహితికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మీ అమ్మకి కూడా ఎప్పుడూ రాయలేదు. మీ అత్త రోజూ వచ్చి "రాశావా" అని అడుగుతోంది, దాని పోరు పడలేక కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకో.

మాత్రలు వేసుకుంటున్నాను.

నువ్వు చెప్పిన తవుడు కూడా పంపేశాను. ఇరవై మూడు వేల నాలుగు వందలు. మిగతా మిల్లువాళ్ళు ముగ్గురు ఇచ్చారు, ఒకడు రేపంటున్నాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను.

చావడి పోయిన నెల ఇరవై ఎనిమిదో తారీకున తెరిచారు. నలభై మూడు మంది పిల్లలు. మీ అత్త నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి హాజరు రాయమంది. బిడ్డ పేరు, తల్లి పేరు. బసవ్వ అని ఒకమ్మాయి పిల్లని సుమంగళ చేతికిచ్చింది. పొలానికి బయల్దేరి మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి మీ అత్త కసిరితే పోయింది. నాకు మీ అమ్మ జ్ఞాపకం వచ్చింది.

ఆ సాయంత్రం యంకమ్మ కోసం ఒక చీర కొని పట్టుకెళ్ళాను. ఇరవై ఏడేళ్ళు ఆలస్యం. ఇన్నేళ్ళూ దాని దేవుడికి మొక్కాను గానీ దానికి ఒక మంచిమాట చెప్పలేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి. "మా పాపని కాలవలోంచి తీసింది నువ్వే గదా, ఆ రుణం ఉంది" అన్నాను.

అది నావంక చూసి, "ఏ పాప పటేలా?" అంది.

నీ పేరు చెప్పాను. ఏ పొలమో చెప్పాను, ఏ ఏడో చెప్పాను. ఆలోచించింది. "యాదికొస్తలేదు. ఎంతమందిని గుంజిననో ఏమో. ఏడాదికి ఒకళ్ళో ఇద్దరో జారుతనే ఉంటరు గద గట్టు మీదికెంచి. అందరు దొరకలె" అంది. చీర తీసుకుంది. రంగు బాగుందంది.

ఇన్నేళ్ళూ అది నా ఒక్కడి ఇంట్లో జరిగిందనుకున్నాను. ఒక దేవుడికి చెల్లించి తీర్చుకోవచ్చనుకున్నాను. నా పొలాల్లోనే, నా కాలవలోనే ఎవరెవరి పిల్లలు పడ్డారో నేను ఏనాడూ అడగలేదు. అందరు దొరకలె అని అది ఎంత మామూలుగా అందో నీకు చెప్పలేను.

నాట్లు నిన్నటితో అయిపోయాయి. ఈ పదమూడు రోజులూ నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మన తూము దగ్గర్నించి చివరి మడిదాకా కాలవ వెంట నడిచాను. మీ మామయ్య ఎందుకు బామ్మర్దీ ఎండలో అన్నాడు. ఊరికే అన్నాను.

గట్టుమీద ఒక్క బిడ్డ లేడు.

మీ నాన్న,
నాగేంద్రబాబు